ఎవరో చెప్పుకోండి చూద్దాం

నా జబ్బుని మొట్టమొదట సరిగ్గా కనిపెట్టినవాడు డాక్టరు కాదు, బందరు కోనేరు సెంటర్లో నన్ను గుద్దబోయిన ఒక సైకిలు మనిషి. సాయంత్రం ఆఫీసు నుంచి నడిచి వస్తున్నాను. రెండు పక్కలా చూసుకునే రోడ్డు దాటాను. అయినా కుడివైపు నుంచి సైకిలు ఒకటి ఊడిపడ్డట్టు మీదికి వచ్చింది. అతను కాళ్ళు నేలకి ఆనించి ఆపుకున్నాడు.

"ఏమ్మా, కళ్ళు కనపడ్డంలేదా?" అన్నాడు.

"నీకు బెల్లు లేదా?" అని నేనూ అరిచాను. ఇంటికి వచ్చేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను. అతను చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మధ్యలో చదువుకున్నవాళ్ళు ఎంతోమంది చెప్పింది మాత్రం అబద్ధం.

నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌గా పనిచేశాను. ట్రంకు కాల్స్ రోజుల్లో చేరాను. చెవులకి హెడ్‌సెట్టు, చేతుల్లో ప్లగ్గులు. తర్వాత ఎస్‌టీడీ వచ్చింది. ఇక మిషనే అన్నీ చేసుకుంటుందని మా బోర్డులన్నీ పీకేసి, నన్ను ఎంక్వయిరీ సీట్లో కూర్చోబెట్టారు. మావారు అప్పటికే పోయారు. పిల్లలు లేరు. ఈడేపల్లిలో చిన్న డాబా ఇల్లు, అందులో నేను. నా కూర నేను వండుకుని, నా పేపరు నేను చదువుకుని, ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నాను.

ప్రతి ఏడూ ఎండలు ముదిరేసరికి నా కళ్ళు దురదపెట్టి ఎర్రబడేవి. మా వీధి చివర మందుల షాపాయన చిన్న చుక్కల మందు సీసా ఇచ్చేవాడు. "ఇది వేసుకోండి మేడమ్‌గారూ, చిటికెలో లాగేస్తుంది" అనేవాడు. నిజంగానే లాగేసేది. తర్వాత ఎండలతో పని లేకుండా, కాస్త దురద అనిపిస్తే చాలు ఇంకో సీసా ఇచ్చేవాడు. ఆయన కౌంటరు వెనక తల పంకిస్తూ వినే తీరు చూస్తే ఎండీ చదివాడనుకుంటారు. ఆయన చదువు సీసా మీద పేరు చదవడం దగ్గర ఆగిపోయింది. దాని కింద సన్న అక్షరాల్లో ఏం రాసుందో ఆయన చదవలేదు.

సైకిలు సంగతి జరిగాక, తలుపు రెక్కలు తగలడం, గడపలు తన్నుకోవడం ఎక్కువైంది. ఊళ్ళోనే కళ్ళజోళ్ళ షాపులో కూర్చునే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "చత్వారం అమ్మా. ఈ వయసులో అందరికీ ఇంతే" అన్నాడు. జోడు మార్చాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వెళితే మళ్ళీ మార్చాడు. నా కళ్ళలోకి చూసినసేపటికంటే ఫ్రేములు చూపించినసేపే ఎక్కువ. కంట్లో ప్రెషర్ అనే మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు.

ఎక్స్‌చేంజ్‌లో కాగితం మీద అంకెలు నాకు సగం సగమే కనపడుతున్నాయని గమనించి మా సూపర్‌వైజరమ్మే నన్ను బెజవాడ పంపించింది. అక్కడ కళ్ళ ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు చాలాసేపు చూసి, "ఇదివరకు ఏమైనా చుక్కలు వాడారా?" అని అడిగారు. సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆవిడ కుర్చీలో వెనక్కి జారబడ్డారు.

"ఎవరిచ్చారమ్మా ఇవి?"

"మందుల షాపులోనండీ. ఏళ్ళ తరబడి ఇవే వేసుకుంటున్నాను."

"ఇది స్టిరాయిడ్. ఇన్నేళ్ళు వాడకూడదు. కంట్లో ప్రెషర్ పెరిగిపోయింది. దీన్ని గ్లాకోమా అంటారు. ఫీల్డ్ టెస్ట్ చేయించండి."

ఫీల్డ్ టెస్ట్ అంటే పక్క చూపు ఎంత ఉందో చూసే పరీక్ష. తెల్లటి గిన్నెలాంటి మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. లోపల ఎక్కడైనా చిన్న వెలుగు కనపడితే చేతిలో బటన్ నొక్కాలి. బటన్లు నొక్కడం నా వృత్తి. వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. మొదట్లో కొన్ని కనపడ్డాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. కరెంటు పోయిందేమో, మిషను ఆగిందేమో అనుకున్నాను.

"మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాను.

"అయిపోయిందమ్మా" అన్నాడు టెక్నీషియను.

లోపల వెలుగులు వస్తూనే ఉన్నాయట. నాకే కనపడలేదు. 

డాక్టరు ఏదీ దాచలేదు. "ఆప్టిక్ నెర్వ్, అంటే కంటి నరం, చాలావరకు దెబ్బతింది. పోయినది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకుందాం" అన్నారు. రకరకాల చుక్కలు ఇచ్చారు. ఈసారివి అసలైన మందులు. ప్రెషర్ దిగలేదు. హైదరాబాదులో పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ రెండు కళ్ళకీ ఒకదాని తర్వాత ఒకటి, ప్రెషర్ దించడానికి ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చేశారు. ఎడమ కన్ను కొన్నాళ్ళు బాగానే ఉంది. కుడి కంటికి ఇన్‌ఫెక్షన్ వచ్చి, నొప్పితో గోడకి తల బాదుకున్నాను. ఆ కన్ను పోయింది. రెండో కన్ను కూడా నెమ్మదిగా, చెప్పా పెట్టకుండా చీకటైంది. ఇప్పుడు కిటికీ ఎటు ఉందో మాత్రం తెలుస్తుంది. అది కూడా పగలే.

రిటైర్మెంటుకి ముందే ఉద్యోగానికి రాజీనామా చేసి, గుడివాడలో మా తమ్ముడు ప్రసాదు ఇంటికి వెళ్ళాను. వాడికి ఎరువుల కొట్టు ఉంది. నేనంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే నన్ను చంపుకుతిన్నాడు. మా మరదలు సుగుణ కూడా మంచిదే. మంచాన కూర్చోబెట్టి టిఫినూ భోజనమూ చేతికి అందించేది. నేను లేచి నాలుగడుగులు వేస్తే "అయ్యో వదినగారూ, ఎక్కడికండీ?" అని పరిగెత్తుకొచ్చేది. పెరట్లోకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. గ్లాసు కడిగితే నా చేతిలోంచి లాక్కునేది. కొన్ని నెలలకి నేను నిజంగానే ఏమీ చేయలేనిదాన్ని అయిపోయాను. చూపు పోయినందుకు కాదు, చేయనివ్వనందుకు.

వచ్చేపోయేవాళ్ళు ఇంకో రకం. నా ముందే నిలబడి సుగుణని అడిగేవారు, "ఆవిడకి చక్కెర వేస్తారా కాఫీలో?" అని. నా కళ్ళతోపాటు నా చెవులూ నోరూ కూడా ఆపరేషన్లో తీసేశారని వాళ్ళ ఉద్దేశం. కొంతమంది నా చెవి దగ్గర గట్టిగా అరిచేవారు. అన్నిటికంటే అసహ్యం ఇంకోటుంది. గుమ్మంలోకి రాగానే గొంతు మార్చి, "నేనెవరో చెప్పుకోండి చూద్దాం!" అనేవారు. ముసలాళ్ళు, ఆఫీసర్లు, టీచర్లు కూడా ఇదే ఆట. చెప్పగలిగితే చప్పట్లు. చెప్పలేకపోతే "అయ్యో, మర్చిపోయారు" అని జాలి. రోజంతా నేను పరీక్ష రాస్తూ కూర్చోవాలి, వాళ్ళు దిద్దుతూ కూర్చోవాలి. ఒకసారి మా తమ్ముడి స్నేహితుడు అలా అడిగితే, "గుర్తుపెట్టుకునేంత మనిషివి కాదు నాయనా" అన్నాను. మళ్ళీ రాలేదు. హాయి.

ఊళ్ళో ఒక సేవా సంఘంవాళ్ళు సన్మానం చేస్తామని తీసుకెళ్ళారు. స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, చక్రాల కుర్చీలో కూర్చోమన్నారు.

"నా కాళ్ళు బాగానే ఉన్నాయండీ" అన్నాను.

"ఫోటో వరకేనండీ" అన్నాడు వాళ్ళ అధ్యక్షుడు. "అందరికీ ఇవే ఇస్తున్నాం ఈసారి."

ఆయనకి రెండు కళ్ళూ శుభ్రంగా కనపడతాయి. నేను కూర్చోలేదు. మా తమ్ముడు ఇంటికి వచ్చాక, "పెద్దవాళ్ళని అలా చిన్నబుచ్చితే ఎలాగక్కా" అని నన్నే మందలించాడు.

హైదరాబాదు ఆసుపత్రికి చెకప్‌కి వెళ్ళినప్పుడు అక్కడ కౌన్సిలరు ఒకమ్మాయి ఒక మాట చెప్పింది. "మీ జిల్లాలోనే అవనిగడ్డలో కమలగారని టీచరున్నారు. పుట్టుకతోనే చూపు లేదు. మాట్లాడే కంప్యూటర్లు, మాట్లాడే ఫోన్లు వాడతారు. మీలాంటివాళ్ళకి నేర్పుతారు. వెళ్ళి కలవండి" అంది. నంబరు కూడా చెప్పింది. మా తమ్ముడు నా పక్కనే ఉన్నాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ, మేం లేమా" అన్నాడు ఆ అమ్మాయితో. రైల్లో కూడా దాని గురించి మాట్లాడనివ్వలేదు. వాడికి తెలియనిదేమిటంటే, ముప్పై ఏళ్ళు నంబర్లతో బతికినదాన్ని. ఒకసారి చెవిన పడితే చాలు, నాకు రాసుకోనక్కర్లేదు. సుగుణ స్నానానికి వెళ్ళినప్పుడు హాల్లో ల్యాండ్‌లైన్ దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి డయల్ చేశాను.

కమలగారి గొంతులో పంచదార లేదు. నా కథంతా ఓపిగ్గా వినలేదు కూడా. మధ్యలోనే ఆపి, "అవన్నీ సరే, మీకేం వచ్చు?" అని అడిగారు.

చూపు పోయాక నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. టెలిఫోన్ ఆపరేటర్‌నని చెప్పాను.

"అయితే చెవులున్నాయి, వేళ్ళున్నాయి, ఇంగ్లీషు వచ్చు. మరి ఏడుపెందుకు?"

"నేనేం ఏడవడంలేదు."

"ఏడ్చినట్టే మాట్లాడుతున్నారు. వచ్చేయండి."

మా తమ్ముడితో పెద్ద గొడవ పెట్టుకుని అవనిగడ్డ వెళ్ళాను. పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన దాటుతుంటే కిటికీలోంచి తడి గాలి కొట్టింది. చాలాకాలానికి ఏదో ఊరికి నా పని మీద వెళ్తున్నాననిపించింది. వాడు నన్ను కమలగారి ఇంట్లో దింపి, "జాగ్రత్తండీ, మా అక్క ఏమీ చేసుకోలేదు" అన్నాడు. "సరే, మీరు వెళ్ళిరండి" అని ఆవిడ తలుపు వేసి, వెంటనే నాతో అన్నారు, "వంటిల్లు ఎడమవైపు. కాఫీ కలుపుకురండి, ఇద్దరికీ."

చెయ్యి కాల్చుకున్నాను. పాలు పొంగబెట్టాను. ఆవిడ లేవలేదు. రెండోసారి కలిపేటప్పుడు నా చేతికి అగ్గిపెట్టె సైజు ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు. దాన్ని గ్లాసు అంచుకి తగిలిస్తే, కాఫీ నిండేసరికి కూ కూ అంటుంది. అంతే. ఇంత చిన్న వస్తువు ప్రపంచంలో ఉందని మూడు ఊళ్ళ డాక్టర్లకి తెలియదు. తెలిసినా చెప్పాలనిపించలేదు. పొయ్యి మీద గుండీలకి ఒక బొడిపె అంటించి, ఎంత తిప్పితే సన్నమంటో వేలితో చూపించారు. తెల్లకర్ర ఇచ్చి బజారుకి తోలారు. మొదటిరోజు అడుగడుక్కీ ఆగాను. గేదెలు మాత్రం నన్ను చూసి పక్కకి జరిగాయి, మనుషులు కాదు.

తర్వాత కంప్యూటరు. ఆవిడ కంప్యూటరు స్క్రీన్ మీద ఉన్నదంతా చదువుతుంది. ఎంత వేగంగా అంటే నాకు కీచురాళ్ళు అరిచినట్టు వినిపించింది. "మీకు అర్థమవుతోందా ఇది?" అంటే, "మీ చూసేవాళ్ళు చదివే వేగం ఇదే" అన్నారు. 'మీ చూసేవాళ్ళు' అని నన్ను ఇంకా అటు వర్గంలోనే వేశారు. స్కానరులో కాగితం పెడితే ఇంగ్లీషు అచ్చు చదువుతుంది. తెలుగు మాత్రం రాదు. తెలుగు చదివే గొంతు ఎవరో తయారుచేస్తున్నారని ఒకటి వినిపించారు. సున్నాలు మింగి, ఒత్తులు ఊడగొట్టి, పిల్లి పేపరు చదివినట్టు చదివింది. దానికంటే మా కొళాయి నయం అన్నాను. కమలగారు మొదటిసారి నవ్వారు.

చివరికి మాట్లాడే ఫోను. మామూలు సెల్లుఫోనులోనే ఒక సాఫ్ట్‌వేర్ వేస్తారు. ఏ మీట నొక్కితే ఆ మీట పేరు చెబుతుంది. ఎవరు ఫోను చేస్తున్నారో పేరు చదువుతుంది. మెసేజీ వస్తే చదువుతుంది. గొంతు మాత్రం ఎవరో తెల్లదొరది. నన్ను 'సాట్యవాటీ' అంటాడు. మా తమ్ముడి ఊరు 'గూడీ వాడా'. మా ఎక్స్‌చేంజ్‌లో అలా పలికితే ఆ పూటే మెమో ఇచ్చేవారు. అయినా మా మరదలికంటే, మా ప్రసాదుకంటే ఆ దొరే నయం. అడిగింది చెబుతాడు, జాలిపడడు. మీట నొక్కితే నోరు మూసుకుంటాడు.

ఆ ఫోను కొనడానికి మా తమ్ముడితో బెజవాడ షాపుకి వెళ్ళాను. అమ్మే కుర్రాడు అంతా వాడితోనే మాట్లాడాడు. "ఇది చాలా తెలివైన ఫోను సార్. ఈ వయసులో ఆవిడకెందుకు సార్ ఇంత ఫోను?"

"ఫోనుకి తెలివుంది, సరే. కొనేది ఎవరో తెలుసుకునే తెలివి నీకు లేకపోతే ఎలా బాబూ?" అన్నాను.

గుడివాడ తిరిగి వచ్చాక నాకు ఒక పెద్ద మేలు జరిగింది. ఆట ఆడేవాళ్ళు ఫోను చేసి, "ఎవరో చెప్పుకోండి" అనకముందే దొర వాళ్ళ పేరు చెప్పేసేవాడు. "చెప్పండి సుబ్బారావుగారూ" అనేసరికి వాళ్ళకి నీరసం వచ్చేది. కానీ ఇంట్లో ఏమీ మారలేదు. కాఫీ నేను కలుపుతానంటే, "మీ చెయ్యి కాలితే ఆయన నన్ను బతకనివ్వరు" అని సుగుణ వంటింట్లోకి రానిచ్చేది కాదు. కర్ర బీరువా వెనక పెట్టేసేది. ఫోను, "పడిపోతుంది వదినగారూ" అని షెల్ఫు పైన పెట్టేది.

ఒకరోజు భోజనాల దగ్గర మా తమ్ముడు మామూలుగా అన్నాడు, "బందరు ఇల్లు అద్దెకిస్తున్నానక్కా. ఊరికే పాడుబడుతోంది. మంచి మనుషులు దొరికారు. వచ్చేవారం దిగుతారు."

నా ఇల్లు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడగాలని వాడికి తోచలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున టిఫిను అయ్యాక చెప్పాను, "ప్రసాదూ, నేను ఇవాళ బందరు వెళ్తున్నాను. ఇక అక్కడే ఉంటాను."

"ఆదివారం తీసుకెళ్తాలే అక్కా."

"నన్ను తీసుకెళ్ళమని నేను అడగలేదు."

వాడు నవ్వి కొట్టుకి వెళ్ళిపోయాడు. నేను సంచి సర్దుకున్నాను, షెల్ఫు పైనుంచి ఫోను, బీరువా వెనకనుంచి కర్ర తీసుకున్నాను, రిక్షా పిలిచాను. సుగుణ గేటు పట్టుకుని ఏడ్చింది. "ఆయనకి నేనేం చెప్పను వదినగారూ?" అంది. "నేను చెప్పిందే చెప్పు" అన్నాను.

గుడివాడ స్టేషన్లో టికెట్టు తీసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడితే, ఎవరో పెద్దమనిషి నా చేతిలో రూపాయి బిళ్ళ పెట్టాడు. తెల్లకర్ర ఉంటే చాలు, వాళ్ళ పుణ్యం కోసం మనం అక్కడ నిలబడ్డామనుకుంటారు. చెయ్యి పట్టుకుని ఆ బిళ్ళ తిరిగి ఇచ్చేశాను. "మీ దగ్గరే ఉంచుకోండి. టికెట్టు కొనుక్కోండి" అన్నాను. ఇంకొకాయన అడక్కుండానే నా చంకలో చెయ్యేసి బస్తా ఎక్కించినట్టు రైలెక్కించాడు. లోపల ఒకావిడ, "ఎవరూ తోడు రాలేదా? ఇంట్లోవాళ్ళు ఇలా వదిలేశారా?" అని పెడన వచ్చేదాకా వాళ్ళని తిట్టింది. నేనే వాళ్ళని వదిలేశానంటే నమ్మలేదు. చిలకలపూడిలో సగం పెట్టె ఖాళీ అయింది. తర్వాతది బందరు, చివరి స్టేషను. దాటిపోయే భయం లేదు. గాలిలో ఉప్పు వాసన తగిలింది. దిగి, ఫోను తీసి తమ్ముడికి చేశాను.

"చేరాను" అన్నాను.

 "అన్నం తిన్నావా?" అన్నాడు వాడు.

ఇల్లు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అయినా ప్రతి గోడా నాకు తెలుసు. అద్దెకి దిగాల్సినవాళ్ళకి మా తమ్ముడే ఏదో చెప్పుకున్నాడు. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా గడిచాయి. అప్పుడు మునిసిపాలిటీవాళ్ళు పైపులైనుకని మా వీధిలో కందకం తవ్వి, చుట్టూ కనీసం ఒక తాడు కూడా కట్టకుండా వెళ్ళిపోయారు. కర్ర ముందుకి వేశాను, నేల లేదు. పడ్డాను. కుడి మణికట్టు విరిగిందని పడగానే తెలిసింది. బురదలో కూర్చుని, ఎడమచేత్తో సంచిలోంచి ఫోను తీశాను. దొర ఒక్కొక్క పేరూ చదువుతుంటే, కూరగాయలకి నన్ను తీసుకెళ్ళే ఆటో ఆయన పేరు దగ్గర ఆగాను. అతను వచ్చి పైకి లాగి, ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీసి పిండికట్టు వేశారు.

తర్వాత మునిసిపల్ ఇంజనీరుకి ఫోను చేసి కడిగేశాను. ఆయన సమాధానం ఇది: "ఏం చేస్తామమ్మా, ఆ గోతిలో కళ్ళున్నవాళ్ళు కూడా పడ్డారు." దాన్ని ఆయన తన గొప్పగా చెప్పుకుంటున్నాడో, నాకు ఓదార్పుగా చెబుతున్నాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

మా తమ్ముడు సుగుణని వెంటబెట్టుకుని ఆ సాయంత్రానికల్లా వచ్చేశాడు. గొంతులో భయం, ఆ భయం మీద కోపం. "చెప్పానా? చెప్పానా లేదా? పద, సామాను సర్దుతాను."

"నా చెయ్యి విరిగింది ప్రసాదూ. కళ్ళు ఇవాళ పోలేదు. గోతిలో పడ్డ మిగతావాళ్ళని కూడా తమ్ముళ్ళు వచ్చి ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారా?"

"నీకేమన్నా అయితే నేనేమైపోవాలక్కా?" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు. నాకు వాడి మీద అంత కోపంలోనూ గుండె కలుక్కుమంది. అయినా కదల్లేదు.

అప్పుడు అనుకోకుండా సుగుణ నోరు విప్పింది. "కట్టు విప్పేదాకా నేనుంటానండీ ఇక్కడ. మీరు వెళ్ళండి. భోజనం హోటల్లో తినండి" అంది మొగుడితో.

మొదటివారం నా ప్రాణం తీసింది. ఉప్పుడబ్బా ఉన్నచోట ఉండేది కాదు, కుర్చీ దారికి అడ్డంగా ఉండేది. "సుగుణా, నువ్వు ఒక కుర్చీ జరిపితే నాకు ఒక గోడ మొలిచినట్టు" అని చెప్పాను. అరిచి చెప్పాను. మెల్లగా నేర్చుకుంది. చెప్పి జరపడం, అడిగి చెయ్యి పట్టుకోవడం, నేను కాఫీ పోస్తున్నప్పుడు పక్కన ఊపిరి బిగబట్టకుండా నిలబడటం. సాయంత్రాలు తను ఒక్కతే బజారుకి వెళ్ళి వచ్చేది. కట్టు విప్పాక గుడివాడ వెళ్ళేముందు, "నాకూ ఇక్కడ బాగుందండీ వదినగారూ. అక్కడ ఆయన నన్నూ గేటు దాటనివ్వరు" అంది. ఆ ఇంట్లో రెక్క పట్టుకుని నడిపించింది నన్నొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది. కమలగారి నంబరు ఇచ్చాను. చూపున్నవాళ్ళని కూడా ఆవిడ బాగానే తిడతారని చెప్పాను.

తర్వాత చెకప్‌కి వెళితే బెజవాడ డాక్టరుగారు మా తమ్ముణ్ణి అడిగారు, "మీరు ఎప్పుడైనా ప్రెషర్ చూపించుకున్నారా? చుక్కలతో ముదిరినా, ఈ జబ్బు తోబుట్టువులకి కూడా వచ్చే అవకాశం ఉంటుంది."

"నాకేమండీ, శుభ్రంగా కనపడుతోంది" అన్నాడు వాడు.

"మీ అక్కగారికి కూడా శుభ్రంగానే కనపడింది, చాలాకాలం."

వాడు లేచి వచ్చేశాడు. నేను వదల్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసి అదే మాట. కొట్లో బేరం మధ్యలో చేశాను. తలంటు మధ్యలో చేశాను. చివరికి విసిగి వెళ్ళాడు. రెండు కళ్ళలోనూ ప్రెషర్ ఎక్కువే ఉంది. నెర్వ్ ఇంకా దెబ్బతినలేదు. "చుక్కలు మానకుండా వేసుకుంటే ఇబ్బంది లేదు. సరైన సమయానికి వచ్చారు" అన్నారట. వాడు ఆ మాట ఫోనులో చెప్పాడు. "చెప్పానా లేదా" అని నేను దెప్పలేదు.  వాడు ఆ తెల్ల గిన్నె ముందు గడ్డం ఆనించి, బటన్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఎంత భయపడి ఉంటాడో మా కుటుంబంలో నాకే తెలుసు.

ఇప్పుడు నేను బందరులోనే ఉంటున్నాను. వంట నాదే. ఇంగ్లీషు పేపరు కంప్యూటరు చదివి పెడుతుంది. ఉత్తరాలు నేనే టైపు చేసుకుంటాను, మీరు చదువుతున్న ఇది కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి, తెలిసినావిడ చేత తెలుగులోకి ఎక్కించిందే. బ్యాంకులో ఒక గుమాస్తా ఇప్పటికీ నా సంతకం నమ్మడు, వేలిముద్ర వేయమంటాడు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసిన సంతకం అది. ప్రతిసారీ మేనేజరు గదిలోకి వెళ్ళి గొడవపడి సంతకమే పెట్టి వస్తాను. వాడు రిటైరయ్యేదాకా నేను ఓపిక పట్టగలను.

మిషన్ల మీద నాకు కొత్తగా భక్తి ఏమీ కలగలేదు. ఫోను మాటిమాటికీ మొరాయిస్తుంది. కంప్యూటరు వానాకాలంలో మూలుగుతుంది. కాకపోతే వాటికి నా మీద అభిప్రాయాలు లేవు. మనుషులతో నాకొచ్చిన చిక్కంతా అదే.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను. నలభై దాటాక కళ్ళ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళినా, అద్దాల నంబరు రాయించుకుని లేచి వచ్చేయకండి. "ప్రెషర్ కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి. నొప్పి ఉండదు, కొద్దిసేపటి పని. ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉందని తెలిస్తే, తోడబుట్టినవాళ్ళందర్నీ తీసుకెళ్ళండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. "అంత అవసరం లేదమ్మా" అని నవ్వితే నవ్వనివ్వండి. చూపించుకునేదాకా మాత్రం ఆ కుర్చీలోంచి లేవకండి.